నది లైనుకు బదిలీ

కులంబర్ నోట్లో చుట్ట ఉంటుంది. చుట్ట పక్కనుంచి ఇంగ్లీషు వస్తుంది. అందులో పొగెంతో మాటెంతో తేల్చి, మాటని మాత్రం వడగట్టి, కూలీలకి హిందీలో వడ్డించడం సర్దారు రామ్ లాల్ పని. ఆ గురువారం తెల్లవారుతూండగా హాజరు దగ్గర కులంబర్ కాస్త ఎక్కువ మాట్లాడాడు, కాస్త ఎక్కువ పొగ వదిలాడు. రామ్ లాల్ చెవిలో దిగినవి కన్నయ్య పేరు, సోమవారం, నది లైను, వీటి మధ్య ఇరుక్కున్న ఇంకో మాట. ఆయన తలూపి, కూలీల వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"కన్నయ్యా, సోమ్‌వార్ కో నది లైన్. తేరా బద్లీ."

వరస మొత్తం కన్నయ్య వైపు తిరిగింది. ఒప్పందానికి వేలిముద్ర వేసి, ఓడెక్కి సముద్రం దాటొచ్చిన గిర్మిట్ కూలీకి బదిలీ ఏమిటి? కులంబర్ అన్న పేరే చూడండి. "కాల్ నంబర్" అని కేకవేసే తెల్ల మేస్త్రీని కూలీలు పిలిచీ పిలిచీ కులంబర్ చేశారు. ఆ లైన్లో, అంటే ఆ కూలీల గదుల వరసలో, ఏ మాటైనా పదిమంది నోళ్లలో నాని, బొట్టూ కాటుకా మార్చుకున్నాకే చెవికి చేరేది. కానీ బద్లీకి ఆ తిప్పలేవీ అక్కర్లేదు. అది కన్నయ్యకి పుట్టినప్పట్నుంచీ తెలిసిన మాట. అనకాపల్లిలో తాసీల్దార్లకి అవుతుండేది. ఇన్నాళ్లకి ఇక్కడ తనకైంది.

"ఏం చేశావురా?" అని పక్కనుంచి జగన్నాథ్ గొణిగాడు. "చిక్కుళ్లతో మాట్లాడుతున్నావని కులంబర్‌కి తెలిసిపోయిందా?"

కన్నయ్యకి జవాబు చెప్పడానికి తెలుగైతే వచ్చింది గానీ తెలుగులో చెప్తే జగన్నాథ్‌కి రాదు. పారని భుజానికెత్తుకుని చెరకులోకి నడిచాడు. వారం పది రోజుల కిందట పడ్డ వానకి కలుపు మోకాలెత్తు లేచింది. రోజూ దాన్ని తిట్టుకుంటూ చెక్కేవాడు. ఆవేళ పారదెబ్బకి దెబ్బకీ మధ్య ఏదో కూనిరాగం పడుతోంది. ఎండ నెత్తికెక్కేసరికి తన సాలు ముగించి, అడక్కుండానే బలరాం సాల్లోకి దిగి సగం చెక్కాడు. బలరాం ఆగి చూశాడు. ఏమీ అనలేదు. బలరాం ఎప్పుడూ ఏమీ అనడు. ఒకే గదిలో ముగ్గురు మనుషులు పడుకుంటారు: నోరాగని జగన్నాథ్, నోరు విప్పని బలరాం, నోరున్నా భాష లేని కన్నయ్య.

ఈ ఎర్రగుట్ట లైన్లో తెలుగు మనిషి కన్నయ్య ఒక్కడే. ఈ తోట మొత్తంలో రెండో మనిషి మునెమ్మ. ఆవిడ ఉండేది కింద, నది లైన్లో. ఒక్కడే మాట్లాడుకుంటే పిచ్చి అంటారు, ఇద్దరు మాట్లాడుకుంటే భాష అంటారు. సోమవారంతో తన పిచ్చి కుదిరి భాష అవుతుందనుకుంటే, కన్నయ్యకి పార బరువు తెలియలేదు.

*

సాయంత్రం లైను వెనక తన మడి దగ్గర కూర్చున్నాడు. మడి అంటే పెద్దదేం కాదు, మనిషి పడుకుంటే కాళ్లు బయటికొస్తాయి. అందులో మూడు వరసలు. మొదటి వరస అనప చిక్కుడు, ఉత్త ఎర్రమట్టిలో వేసింది. పసుపు పూసినట్టు పాలిపోయి, మూరెడు పెరిగి ఆగిపోయింది. రెండో వరసా అదే గింజ. కాకపోతే మునెమ్మ తన పెరటి మట్టి ఒక గోనెడు ఇస్తే, మోసుకొచ్చి చాళ్లలో కలిపి వేశాడు. అది నల్లగా కనిపించేంత పచ్చగా, గుత్తులు గుత్తులుగా కాసింది. మూడో వరస బలరాం ఇచ్చిన శనగలు. మునెమ్మ మట్టే వేసినా అవి మాత్రం మొలిచామన్న పేరుకి మొలిచాయి.

మట్టి దొర వచ్చాడు, వెనకే రామ్ లాల్. ఈ దొర పంచదార మిల్లు తాలూకు మనిషి. కనిపించిన చోటల్లా మట్టి నలిపి, వాసన చూసి, సీసాలో పోసుకుని పోతాడు కనక ఆ పేరు. పోయిన వారం కూడా వచ్చి ఈ మడి చుట్టూ తిరిగి వెళ్లాడు.

"తవ్వు" అన్నాడు దొర, మూడు వరసలూ చూపిస్తూ.

కన్నయ్య వరసకొక మొక్క చొప్పున, వేరు తెగకుండా మట్టిపెళ్లతో సహా పెకలించాడు. బక్కెట్లో ముంచి మెల్లగా కడిగాడు. పచ్చ మొక్క వేళ్లకి మినపగింజలంత బుడిపెలు, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉన్నాయి. పాలిపోయిన మొక్క వేళ్లు బోసిగా ఉన్నాయి. శనగ వేళ్లూ బోసే. దొర ఒక బుడిపె గోటితో చిదిపితే లోపల చిగురు ఎరుపు కనిపించింది. ఆయన మొహం వికసించింది. తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. అది సరిపోనప్పుడు ఇంగ్లీషులోకి జారాడు. జారినచోటల్లా రామ్ లాల్ పట్టుకున్నాడు.

"ఈ బుడిపెల్లో కంటికి కనిపించని జీవులు కాపురం ఉంటాయంటున్నారు సాబ్. గాల్లోంచి ఎరువు తీసి మొక్కకి పెడతాయంట. మొక్క వాటికి తిండి పెడుతుందంట."

"గాల్లోంచి ఎరువేమిటి?" అని కన్నయ్య కళ్లతోనే అడిగాడు.

"నాకేం తెలుసు, సాబ్ చెప్తున్నారు. ఆ జీవులు నది మట్టిలో ఉన్నాయి, ఈ గుట్ట మట్టిలో లేవంట. ఉన్నా అన్ని మొక్కలకీ రావంట. ఈ చిక్కుడు వేరు పిలిస్తే వచ్చేవి వేరే, శనగ వేరు పిలిస్తే వచ్చేవి వేరే. అందుకని అదే మట్టిలో ఇది బాగుంది, అది చెడింది. చెరక్కి బుడిపెలుండవు గానీ దాని వేళ్ల చుట్టూ కూడా ఏవో మూగుతాయంట. ఏ రకం చెరకైతే ఏ మట్టిలో ఏవి మూగుతాయో చూడాలంట. ఇక్కడ చెరకు నాటిస్తారు."

రామ్ లాల్ చెప్పింది హిందీలో. అందులో వేరుకి ఒక మాట, వేరేకి ఒక మాట. కన్నయ్య బుర్రలో అవి తెలుగులోకి తిరిగేసరికి రెండూ ఒకటే అయిపోయాయి. వేరు వేరుకీ వేరు. అతనికి నవ్వొచ్చింది. మళ్లీ ఒకసారి లోపల తిప్పి చూశాడు, వేరు వేరుకీ వేరు, ఇంకా బాగుంది. ఎవరికైనా చెబుదామని తల తిప్పాడు. అటు రామ్ లాల్ ఉన్నాడు, ఇటు దొర ఉన్నాడు, దూరంగా బట్టలారేసుకుంటూ బలరాం ఉన్నాడు. నవ్వు మొహం మీదే కాసేపు నిలబడి, దానంతటదే దిగిపోయింది.

ఆదివారం మునెమ్మకి చెప్పాలి అనుకుని ఆ మాటని దాచుకున్నాడు.

దొర మడికి నాలుగు మూలలా పుల్లలు పాతించి తాడు కట్టించాడు. "ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగాడు. "నది" అన్నాడు కన్నయ్య. "నది. మంచిది" అని దొర చేతులు దులుపుకున్నాడు. మడి పోతున్నందుకు కన్నయ్యకి చింత లేదు. సోమవారం తర్వాత ఇక్కడ చెరకేస్తేనేం, చేమంతులేస్తేనేం.

శనివారం కాయలన్నీ కోసి గదిగదికీ పంచాడు. తను పడుకునే, తలుపు పక్కన గాలొచ్చే చెక్కమంచం జగన్నాథ్‌కిచ్చేశాడు. జగన్నాథ్ ఆ సాయంత్రమే దాని మీద వాలి, "మదరాసీ, నువ్వు రోజూ బదిలీ అవుతూ ఉండాలి" అన్నాడు. తన చేతికి ఒదిగేలా గాజుపెంకుతో గీకి నున్నచేసుకున్న పారకర్ర బలరాంకిచ్చాడు. బలరాం దాన్ని అటూ ఇటూ తిప్పి, అరచేత్తో పైనుంచి కిందిదాకా నిమిరి, గోడకి ఆనించాడు. మళ్లీ తీసి తన మంచం కింద పెట్టుకున్నాడు.

*

ఆదివారం చెరకు బళ్ల పట్టాల వెంట నడిచి కన్నయ్య నది లైను చేరేసరికి మునెమ్మ పెరట్లో ఎండుకట్టెలు విరుస్తోంది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. చిత్తూరు వైపామె. మొగుడు ఓడలోనే పోయాడు.

"అప్పా, నాను ఈడికే వచ్చెత్తన్నాను" అన్నాడు, కూర్చోకుండానే.

"అప్పా అనొద్దని ఎన్నిసార్లు చెప్పినాన్రా నీకు? మా పక్క అరవోళ్లు నాయన్ని పిలుస్తారు అట్ల. అక్కా అను."

"మా ఏపు అక్కని అప్ప అంటారు. ఏటి సెయ్యమంటావు? సరే, అక్కా. నాకు బదిలీ అయిపోనాది. రేపే."

మునెమ్మ చేతిలో కట్టె విరగలేదు. వంగి అలాగే ఉండిపోయింది. "బదిలీనా? నిన్నా? ఎవురు చెప్పినారు?"

"సర్దారు సెప్పినాడు, అందరి ముందూను."

ఆవిడ కట్టె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఏ సంబంధమూ లేనట్టు, "నీకు ఆకలిగా ఉండాదా?" అంది. లోపలికెళ్లి సంకటి ముద్దా, అనపగింజల పులుసూ తెచ్చి పెట్టింది.

"ఆ యేళ నాను ఆనపకాయ గింజలు అడిగితే నువ్వు ఇచ్చినవి ఇవే" అన్నాడు కన్నయ్య, పులుసులోంచి ఒక గింజ తీసి చూపిస్తూ. "పందిరి కూడా ఏసినాను. ఆనపతీగ పాకుతాదని సూసి సూసి, సిక్కుడు మొలిసింది."

"నువ్వు అనప అన్నావు, నేను అనప ఇచ్చినా. సొరకాయని ఆనపకాయ అనే ఊరు ఒగటుందని నాకేం తెలుసు?"

"మరి మందలిత్తానని అన్లేదా నువ్వు? 'ఆదివారం రా, మందలిస్తా' అన్నావు. ఏం తప్పు సేసినానో తిడతాదేమో అని రెండు ఆదివారాలు రాలేదు నాను."

మునెమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "మందలిస్తా అంటే పలకరిస్తా అనిరా. తిట్టేదానికి ఆదివారం దాకా ఎందుకు, ఆడనే తిడుదును."

ఒక్క భాషలో ఇద్దరు మనుషులకి ఇన్ని తగువులు దొరుకుతున్నందుకు ఇద్దరికీ కడుపు నిండింది. అప్పుడు కన్నయ్య దాచుకున్న మాట తీశాడు. మట్టి దొర సంగతి, బుడిపెల సంగతి, కనిపించని జీవుల సంగతి వరసగా చెప్పి, చివర మెల్లగా, పగిలిపోతుందేమో అన్నట్టు, "ఏరు ఏరుకీ ఏరంట, అక్కా" అన్నాడు.

మునెమ్మకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత, "అయితే మన ఇద్దురిదీ ఒగే వేరు" అంది. "వేరు పడొద్దు మళ్లీ."

కన్నయ్య ఆ జవాబు కోసమే గుట్ట దిగి వచ్చినట్టు కూర్చున్నాడు.

"ఇక్కడికొచ్చినాక నాలుగు మాటలు మర్చిపోయినాన్రా" అంది ఆవిడ కొంచెం సేపటికి. "పొద్దున లేచి చెప్పుకుంటా ఉంటా, ఒగటొగటే. గుర్తుకి రాకపోతే ఆపొద్దంతా పని సాగదు. నువ్వొస్తే అడగొచ్చు."

తన పొయ్యి పక్కన స్థలం ఊడ్చి, నది రాళ్లు మూడు ఏరి తెచ్చి, కన్నయ్య కోసం ఇంకో పొయ్యి అమర్చింది. పెరట్లో సగం మడి చూపించి, "ఇంత నీది. మట్టి మోసుకొని తిరగే పని లేదింక" అంది.

*

సోమవారం కన్నయ్య హాజరుకి మూటతో వచ్చాడు. మూటలో ఒక పంచె, ఒక దుప్పటి, తట్ట, లోటా. చేతిలో పార లేదు. వరసలో అతనొక్కడే ఏదో పెళ్లికెళ్లేవాడిలా నిలబడ్డాడు.

కింద నుంచి ఎడ్లబండి ఎక్కి వచ్చింది. బండిలో ఒక గంపెడు చెరకు విత్తనపు ముక్కలు. ఊదారంగులో, ముంజేతి లావున ఉన్నాయి. అలాంటి చెరకు ఆ లైన్లో ఎవరూ చూడలేదు. బండి వెనకే గుర్రాల మీద మట్టి దొర, కులంబర్ వచ్చారు.

కులంబర్ చూపు మూట మీద పడింది. "పార ఎక్కడ?"

కన్నయ్య రామ్ లాల్ వైపు చూశాడు. రామ్ లాల్ చెప్పాడు: "ఈవేళ వెళ్లిపోతున్నాడు సాబ్. బద్లీ."

"ఏమిటది?"

"బద్లీ సాబ్. గురువారం తమరే సెలవిచ్చారు. కన్నయ్య, సోమవారం, నది లైను, బద్లీ."

కులంబర్‌కి అర్థం కాలేదు. మట్టి దొరకి ముందు అర్థమైంది. ఆయన గుర్రం దిగి, బండిలోంచి ఒక ఊదా ముక్క తీసి పట్టుకున్నాడు. "బదిలా" అన్నాడు నెమ్మదిగా. "ఈ చెరకు పేరు బదిలా. నది లైను నుంచి వస్తుంది. సోమవారం కన్నయ్య మడిలో నాటాలి. సగంలో ఇది, సగంలో పాత రకం. గురువారం చెప్పింది అదే."

ఆ మాట రామ్ లాల్ నెత్తిన పడడం, అక్కణ్నుంచి ఆయన దాన్ని తీసి పక్కవాడి నెత్తిన పెట్టడం ఒక్క గుక్కలో జరిగిపోయాయి. "నేనూ అదే చెప్పాను సాబ్. బదిలా అనే చెప్పాను. ఈ మదరాసీకి మాటలు తెలియవు. వీడు బద్లీ అని విన్నాడు. పని ఎగ్గొట్టే ఎత్తు."

కులంబర్ చుట్ట ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు. "వారం రోజులు మురుగు కాలవలో వెయ్యి వీణ్ని."

మురుగు కాలవంటే నడుముల్లోతు బురద, జలగలు. కన్నయ్య నోరు తెరిచాడు. తను చెప్పవలసిందంతా తెలుగులో వరసకట్టి సిద్ధంగా ఉంది. హిందీలో ఒక్కటీ రాలేదు. నోరు మూసుకుని మూట రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"సర్దార్ బద్లీ అన్నాడు" అని వినిపించింది.

ఎవరా అని అందరూ చూశారు. బలరాం. అతని గొంతు అలా ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది. "నేను విన్నాను. బద్లీ అనే అన్నాడు."

రామ్ లాల్ మొహం నల్లబడింది. కాలవలో దిగే మనుషులు ఒకరు కాదు ఇద్దరయ్యేలా ఉన్నారు. ఇంతలో జగన్నాథ్ చెయ్యెత్తాడు. "నేనూ విన్నాను సాబ్. వినకపోతే వీడి మంచం మీద రెండు రాత్రులు నేనెందుకు పడుకుంటాను?" వెనక నుంచి ఇంకెవరో, "మేం చిక్కుడుకాయలు కూడా తినేశాం" అన్నారు. వరసలో ఒకటే గుసగుస.

మట్టి దొర రామ్ లాల్‌ని పిలిచాడు. చెరకు ముక్క కళ్ల ముందు పెట్టి, "దీని పేరు చెప్పు" అన్నాడు.

"బద్లీ సాబ్" అన్నాడు రామ్ లాల్, నాలుక కరుచుకునే లోపల.

కులంబర్ చుట్ట నోట్లోంచి తీశాడు. అది జరగడం ఆ లైన్లో ఎవరూ చూడలేదు. తీసి, వంగి, తొడ మీద చరుచుకుంటూ నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా రామ్ లాల్ నవ్వాడు. మురుగు కాలవ ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

మట్టి దొర మాత్రం కన్నయ్య మూట చూస్తున్నాడు. "నది లైన్లో ఏముందని వెళ్లాలనుకున్నావు?"

కన్నయ్య వెతికాడు. వెతగ్గా ఒక్క మాట దొరికింది. "ఉధర్ బాత్ హై, సాబ్."

"అక్కడ అన్నం ఉందంటున్నాడు" అని రామ్ లాల్ వెంటనే విప్పి చెప్పాడు. కన్నయ్య పలికిన పలుకులో బాత్ కాస్తా భాత్ అయింది.

"అన్నం అన్ని లైన్లలోనూ ఒకటే" అన్నాడు కులంబర్, చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంటూ.

"అన్నం కాదు సాబ్" అన్నాడు బలరాం. "మాట. అక్కడ వీడికి మాట్లాడే మనిషి ఉందంట."

దొర ఏదో అనబోయి కులంబర్ వైపు చూశాడు. కులంబర్ గుర్రం వైపు చూశాడు. పొద్దెక్కుతోంది. బలరాం గదికెళ్లి నున్నటి కర్రతో పార పట్టుకొచ్చి కన్నయ్య చేతికిచ్చి, మూట తను పట్టుకెళ్లిపోయాడు.

కన్నయ్య తన మడిలో తనే అనపమొక్కలు నరికి, తుంపులు చేసి, మట్టిలో కలిపాడు. బుడిపెల వేళ్లు పైకొచ్చినప్పుడల్లా దొర చెయ్యి ఊపి లోపలికే తొయ్యమన్నాడు. చాలు తీసి, ఊదా ముక్కలు మొలక కళ్లు పక్కకుండేలా పడుకోబెట్టి, పైన పాదంతో మట్టి కప్పాడు. బదిలా ఒకవైపు, పాత రకం ఒకవైపు. కొత్త చోట ఈ బదిలా వేళ్ల దగ్గరికి ఎవరొస్తారో, ఎవరు రారో, దొర వచ్చి తవ్వి చూసుకుంటాడు.

బండి ఖాళీ అయింది. బండివాడు ఎడ్లని తిప్పుతుంటే కన్నయ్య పార వదిలేసి పరిగెత్తాడు.

"భయ్యా, మునెమ్మ" అన్నాడు. పొయ్యి రాళ్లకి హిందీ తెలియక మూడు వేళ్లు చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"మునెమ్మ నాకు తెలుసు. ఏం చెప్పాలి?"

"బద్లీ నహీ. బదిలా."

బండివాడు తలూపాడు. "చెప్తాలే. నీకు బద్లీ అయిందని."

"నహీ, నహీ. బద్లీ నహీ."

"అదేగా అంటున్నా. బద్లీ."

మధ్యాహ్నం తిండికి తిరిగొచ్చిన కూలీల్లోంచి జగన్నాథ్ అరిచాడు: "ఓయ్, బద్లీ కాదు. నువ్వు తెచ్చిన చెరకు. బదిలా. వీడు రావడం లేదు, చెరకొచ్చింది." రామ్ లాల్ కూడా ముందుకొచ్చి, చెరక్కి చెయ్యెత్తు చూపించి, మనిషికి అడ్డంగా చెయ్యూపి, గురువారం నాటి పొగ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు, తన తప్పుతో సహా. బండివాడు నవ్వుతూ ఎడ్లని అదిలించాడు. బండి మలుపు తిరుగుతుండగా వాడు పాఠం అప్పజెప్పినట్టు మళ్లీ "బద్లీ" అనడం వినిపించింది. లైను లైనంతా ఒక్క గొంతుతో "లా" అని సరిచేసింది. అందులో బలరాం గొంతు కూడా ఉంది. కన్నయ్యది లేదు. మునెమ్మకి ఆ కబురు తెలుగులో కాక హిందీలో చేరుతుందని అతనికి అప్పుడే తట్టింది.